మనం తవ్వని బావి నీళ్ళు

మూడు నెలల కిందట మా ప్లాటు అమ్మాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు కాస్త అవతల, రెండు వందల గజాలు. 1994లో నాన్న పీఎఫ్ లోను పెట్టి నా పేరున కొన్నారు. గజం 120 రూపాయలు, మొత్తం 24,000. అప్పుడక్కడ కంది చేలు, నాలుగు తాటిచెట్లు, వెంచరు వాళ్ళు పాతిన సున్నం రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు గజం 40,000 పలికింది. ఎనభై లక్షలు. మేమిద్దరం ఉద్యోగాలు చేసి, కడుపు కట్టుకుని దాచినా అంత మిగిలేది కాదు.

డబ్బు చేతికొచ్చిన తర్వాతి ఆదివారం, చర్చిలో కృతజ్ఞత సాక్ష్యాల సమయంలో మా ఆయన లేచారు. మంచి మనిషి, మాట తక్కువ. రెండు నిమిషాలే మాట్లాడారు. "పెళ్ళయిన నాటి నుంచి ఎంత ఇబ్బంది ఉన్నా మేం దశమభాగం, అంటే సంపాదనలో దేవునికిచ్చే పదో వంతు, ఇవ్వడం మానలేదు. కాబట్టి దేవుడు ఈ రోజు మా కుటుంబాన్ని ఇంతగా ఆశీర్వదించాడు" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఒక చెల్లెలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాలుగిళ్ళలో అంట్లు తోమి, బట్టలుతికి బతుకుతుంది. ఎప్పుడూ వెనక వరసలో గోడ పక్కనే కూర్చుంటుంది. సొంతిల్లు కావాలని తొమ్మిదేళ్ళుగా ఆమె ఇచ్చే ప్రార్థన మనవిని మా స్త్రీల కూడికలో చదువుతూనే ఉన్నాం. "అన్న సాక్ష్యం విన్నాక నాకు అర్థమైందక్కా. మేం ఇచ్చేదాంట్లోనే ఏదో లోపముంది. వచ్చే నెల నుంచి ఇంకో రెండొందలు కలిపి ఇస్తాను" అంది. ఆమె ముఖంలో బాధేమీ లేదు. ఇన్నాళ్ళకు దారి దొరికిందన్న సంతోషంతో చెప్పింది.

ఏం చెప్పాలో నాకు తోచలేదు. మంచిదమ్మా అన్నానో, తల ఊపానో కూడా గుర్తులేదు. ఆటోలో కూర్చున్నాక మాత్రం ఆ రెండు వందలు తప్ప ఇంకేమీ తలకెక్కలేదు. ఆమె నెలకు పదిరోజుల కూరగాయల డబ్బు అది. మా సాక్ష్యం ఆమె చేత దాన్ని తీయించబోతోంది. ఆ ‘కాబట్టి’ అనే ఒక్క మాట తీయించబోతోంది. మేం దశమభాగం ఇచ్చాం కాబట్టి మాకు ఇచ్చాడంటే, ఆమెకు ఇవ్వకపోవడానికి కూడా కారణం ఆమె దగ్గరే ఉండాలి కదా. మా ఆయన అలా అనలేదు, ఆయన మనసులోనూ లేదు. కానీ ఆ మాట ఒప్పుకుంటే ఆమె అర్థం చేసుకున్నదే సరైన అర్థం.

నిశాని

అమ్మకానికి ముందు కొనేవాళ్ళ లాయరు ఈసీ (స్థలం లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) అన్నీ అడిగారు. నాన్న ఫైలు బయటికి తీశాను. అట్ట చిరిగిన ఆ ఫైల్లో, వెంచరు వాళ్ళు అప్పట్లో ప్లాటు కొన్నవాళ్ళందరికీ ఇచ్చిన ఒక జిరాక్సు ఉంది. 1991 నాటి క్రయ దస్తావేజు. ఆ ఊరి రైతు ఒకాయన తన ఎకరం వాళ్ళకు అమ్మిన కాగితం. ఇన్నేళ్ళూ ఫైల్లోనే ఉన్నా నేనెప్పుడూ చదవలేదు. "నా కుమార్తె వివాహ ఖర్చుల నిమిత్తము, అప్పులు తీర్చుకొను నిమిత్తము" అమ్ముతున్నానని ఉంది. ఎకరం ధర 60,000. కింద సంతకం చోట ఎడమచేతి బొటనవేలి నిశాని. జిరాక్సులో నల్లగా పడింది. ముద్ర మధ్యలో ఏటవాలుగా ఒక తెల్లటి గీత. ఎప్పుడో కొడవలితో తెగి మానిన గాటు అయి ఉంటుంది.

ఎకరమంటే 4,840 గజాలు. ఆయనకు గజానికి పన్నెండున్నర రూపాయలు కూడా ముట్టలేదు. మూడేళ్ళ తర్వాత మేం 120కి కొన్నాం. రోడ్లకూ పార్కుకూ పోయిన స్థలం తీసేసి చూసినా తేడా తేడాయే. ఇప్పుడు 40,000.

ఈ ముప్పై ఏళ్ళలో మేం ఆ నేలకు చేసిందేమిటి? ఒక్క మొక్క నాటలేదు. ఏడాదికోసారి వెళ్ళి హద్దురాళ్ళు ఉన్నాయో లేదో చూసి వచ్చాం. 158 కిలోమీటర్ల రింగు రోడ్డు వేసింది ప్రభుత్వం. మండుటెండలో తారు పోసింది ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు. ఆ చుట్టుపక్కల కంపెనీలు రావడానికి, ఇళ్ళు లేవడానికి మా చెమట చుక్క కూడా పడలేదు. దేవుడిచ్చాడు అనడంలో నాకు సందేహం లేదు. మేం ఏదో చేస్తే ఇచ్చాడు అనడంలోనే ఉంది సందేహమంతా. "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అని బైబిల్లో పౌలు కొరింథీయులను అడిగాడు. ఈ ప్రశ్న చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఒక దస్తావేజు పక్కన పెట్టుకుని చదవడం మాత్రం అదే మొదటిసారి.

నాయనమ్మ చేంతాడు

మాది ఒంగోలు దగ్గర పల్లె. పల్లె అంటే ఊరు కాదు. ఊరికి దక్షిణాన, కాలువ దాటాక ఉండే మా వాళ్ళ ఇళ్ళు. నాయనమ్మ పిల్లగా ఉన్నప్పుడు ఊరి బావిని తాకే హక్కు మాకు లేదు. కడవలు పట్టుకుని దూరంగా నిలబడాలి. నీళ్ళకొచ్చిన ఊరివాళ్ళలో ఎవరికైనా దయ కలిగితే వాళ్ళు తోడి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. ఎవరికీ దయ కలగని రోజు పొద్దెక్కే దాకా నిలబడాలి. మిషను స్కూలు కాంపౌండులో బావి తవ్వాక ఆ నిలబడటం తప్పింది. ఆ బావి దగ్గర మొదటిసారి తన చేత్తో చేంతాడు వదిలిన రోజు గురించి నాయనమ్మ చాలాసార్లు చెప్పింది. గిలక చప్పుడు, కింద నీళ్ళకు బొక్కెన తగిలిన చప్పుడు నోటితో చేసి చూపించేది. నీళ్ళు తియ్యగా ఉన్నాయో ఉప్పగా ఉన్నాయో ఎప్పుడూ చెప్పలేదు. చేంతాడు గరుగ్గా ఉందనీ, అరచేతులు మండాయనీ, అయినా ఇంటికి కావలసినదానికంటే రెండు కడవలు ఎక్కువే తోడిందనీ చెప్పేది.

ఆమెకు చదువు రాదు. ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం మాత్రం విని విని కంఠతా వచ్చు. నీవు కట్టని పట్టణాలు, నీవు నింపని ఇండ్లు, నీవు తవ్వని బావులు, నీవు నాటని ద్రాక్షతోటలు నీకు ఇచ్చి, నీవు తిని తృప్తి పొందినప్పుడు యెహోవాను మరువకుండ జాగ్రత్తపడుము అనే భాగం. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేది. మధ్యలో పల్లెలో ఎవరింట పొయ్యి వెలగలేదని తెలిసినా ఆ కుండే దిగేది. ఎందుకు నాయనమ్మా అంటే, "మనం తవ్విన బావి కాదు గదే" అనేది. ఇస్తే వస్తుందని ఆమె నోట నేనెన్నడూ వినలేదు.

మా ఇంట్లో ఇంకో మాట చెప్పుకుంటారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, వాళ్ళలో మా ముత్తాత తండ్రి ఉన్నాడని. కాగితం ఏదీ లేదు. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు ఇళ్ళలో చాలామంది ఈ మాటే చెబుతారు. ఆ రోజు గురించి సంఖ్య అందరికీ తెలుసు. దానికి ముందు జరిగినదాన్ని మాత్రం మనం ఎక్కువగా తలుచుకోం. అది 1876–78 నాటి పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారికి సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి ఇప్పించాడు. పని చేస్తూ వాక్యం విన్నవాళ్ళు మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. చేతిలో కూలీ డబ్బు, పంచడానికి బియ్యం ఉన్నంతకాలం ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, అన్నానికీ విశ్వాసానికీ ముడి పడకూడదని. కరువు సాయం ఆగిపోయి, ఇక తన నుంచి వచ్చేదేమీ లేదని తేలిపోయాక కూడా వాళ్ళు అడుగుతూనే ఉంటే అప్పుడు నదిలోకి దిగారు.

మా పెద్దలకు విశ్వాసం ఇచ్చినవాళ్ళు ఆ ముడి పడకుండా అంత జాగ్రత్తపడ్డారు. దాదాపు నూట యాభై ఏళ్ళ తర్వాత వాళ్ళ మునిమనవలం మైకు పట్టుకుని ఆ ముడి మనమే వేస్తున్నాం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

శోధించి చూడుడి అన్నాడు కదా

ఈ సంగతి పాస్టరు గారితో మాట్లాడాను. ఆయన ఓపిగ్గా విన్నారు. తర్వాత మలాకీ మూడో అధ్యాయం తీశారు. పదియవ భాగమంతా మందిరపు నిధిలోకి తెండి, నన్ను శోధించి చూడండి, ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంత దీవెనలు కుమ్మరిస్తాను అని దేవుడే అన్నాడు కదమ్మా, మరి బ్రదర్ చెప్పిందాంట్లో తప్పేముంది అన్నారు.

తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. ఆ వాగ్దానం నేనూ నమ్ముతాను. అయితే అదే అధ్యాయంలో ఐదు వచనాల ముందు, కూలివారిని, విధవరాండ్రను, తండ్రిలేనివారిని బాధపెట్టి పరదేశులకు అన్యాయం చేసేవాళ్ళమీద తీర్పుకు వస్తానని దేవుడు చెప్పాడు. పదియవ భాగం తెమ్మన్నది కూడా "నా మందిరములో ఆహారముండునట్లు". ఆ ఆహారం మందిర సేవ చేసే లేవీయులది. ధర్మశాస్త్రం ప్రకారం మూడేళ్ళకోసారి ఆ పదో వంతు పరదేశులదీ, విధవరాళ్ళదీ, తండ్రిలేనివాళ్ళదీ కూడా. మలాకీ మాట్లాడింది ఒక జనం మొత్తంతో. కొట్టు ఖాళీ చేసి బీదవాళ్ళను పస్తులుంచిన జనంతో. నాలుగిళ్ళలో అంట్లు తోముకునే మనిషి లెక్కలో రెండు వందలు తగ్గాయి కాబట్టి ఇల్లు రాలేదని చెప్పడానికి ఆ వచనం ఇవ్వలేదు.

పాస్టరు గారు కాసేపు ఊరుకుని ఒక మాట అన్నారు, అది నేను మర్చిపోలేను. "ఆ మాట తీసేస్తే ఇచ్చేవాళ్ళు తగ్గిపోతారేమో సిస్టర్. కరెంటు బిల్లు, స్లాబు అప్పు, ఇద్దరు అనాథ పిల్లల హాస్టలు ఫీజు, ఇవన్నీ ఆ కానుక కవర్ల మీదే నడుస్తున్నాయి." నిజమే. ఆయన జీతం పేరు కూడా ఎత్తలేదు, అదీ ఆ కవర్ల మీదే నడుస్తుందని నాకు తెలుసు. దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. నాయనమ్మ కుండ మాత్రం గుర్తొచ్చింది. డెబ్బై ఏళ్ళపాటు నిండుతూ వచ్చింది ఆ కుండ, ప్రతిఫలం మాట లేకుండానే.

అసలు సాక్ష్యం ఎలా చెప్పాలో ధర్మశాస్త్రంలోనే రాసి ఉంది. ద్వితీయోపదేశకాండము 26లో ప్రథమఫలాల గంప తెచ్చినవాడు యాజకుడి ముందు నిలబడి చెప్పవలసిన మాటలున్నాయి. "నా తండ్రి నశించుచున్న అరామీదేశస్థుడు" అని మొదలవుతుంది. కొద్దిమందిమిగా ఐగుప్తుకు వెళ్ళాం, దాస్యం చేశాం, మొరపెట్టాం, ఆయన విన్నాడు, ఈ దేశం ఇచ్చాడు, అందుకే ఈ పండ్లు తెచ్చాను. ఇచ్చాడు కాబట్టి తెచ్చాను. అంతే. ‘తెచ్చాను కాబట్టి ఇచ్చాడు’ అని అక్కడ లేదు. మన సాక్ష్యాల్లోనూ ‘కాబట్టి’ ఉండాలి, దాని చోటే మారాలి. ఆ గంప దించాక ఏం చేయాలో కూడా అక్కడే ఉంది. దేవుడు చేసిన మేలు విషయమై నీవును, లేవీయులును, నీ మధ్యనున్న పరదేశియు సంతోషించాలి. ఒంటరిగా సంతోషించే ఏర్పాటు అందులో లేదు.

తమ్ముడి మాట

బెంగళూరులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడు నామీద కోప్పడ్డాడు. "మన తాతకి సెంటు భూమి లేదక్కా. ఊళ్ళో ముప్పై ఎకరాలు, యాభై ఎకరాలు తరతరాలుగా అనుభవించినవాళ్ళు ఎవరి కష్టంతో పండిందని ఏనాడైనా నిద్ర మానుకున్నారా? మన వంశంలో మొదటిసారి రెండొందల గజాలు కలిసొస్తే నువ్వు దానికి పాపం అంటగడుతున్నావు. నాన్న పీఎఫ్ లోను కట్టడానికి ఎన్నేళ్ళు బస్సు మానేసి స్కూలుకి సైకిలు తొక్కాడో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. వాడి మాటలో చాలా న్యాయం ఉంది. దీవెనను అనుభవించడానికి కూడా భయపడేలా మనుషుల్ని పెంచితే అది సువార్త కాదు. మా వాళ్ళకు ఆ భయం అసలే కొత్త కాదు. మంచి చీర కట్టుకుంటే ఊళ్ళోవాళ్ళు ఏమంటారో, కొత్త చెప్పులు వేసుకుని వీధిలో నడవచ్చో లేదో అని వందల ఏళ్ళు భయపడ్డవాళ్ళం. మళ్ళీ నేను వాక్యం పేరుతో ఆ భయాన్నే తెచ్చి పెట్టకూడదు. తిమోతికి రాసిన పత్రికలో పౌలు, సుఖంగా అనుభవించడానికే దేవుడు సమస్తాన్నీ ధారాళంగా దయచేస్తున్నాడని రాశాడు. ఆ డబ్బుతో మా అమ్మాయి పెళ్ళి అప్పు తీర్చాం, రెండు గదుల ఫ్లాటు కొనుక్కున్నాం. బాల్కనీలో పొద్దున్నే టీ తాగుతుంటే నాకు ఆనందంగానే ఉంటుంది, దేవునికి స్తోత్రం అనే అనుకుంటాను. కానీ పౌలు అక్కడితో ఆపలేదు. వెంటనే తర్వాతి వచనంలో, ధనవంతులు తమ ధనంలో ఇతరులకు పాలిచ్చువారై ఉండాలన్నాడు. అనుభవించడం, పాలివ్వడం పక్కపక్కనే ఉన్నాయి.

నన్ను వదలని సందేహం ఇంకొకటుంది. ఎవరి దగ్గరా దీనికి సరైన జవాబు వినలేదు. నాయనమ్మకు ప్రాణమైన ఆ ఆరో అధ్యాయంలో, ఇశ్రాయేలీయులు తవ్వని బావులు తవ్విందెవరు? ఎవరో తవ్వారు కదా. ఆ కనాను వాళ్ళు యుద్ధంలో చంపబడ్డారని, వెళ్ళగొట్టబడ్డారని యెహోషువ గ్రంథం చదివినవాళ్ళకు తెలుసు. చేంతాడు ముట్టనివ్వని ఊళ్ళో పెరిగిన నాయనమ్మ ఆ వచనం వింటూ తనను ఇశ్రాయేలీయుల పక్కన నిలబెట్టుకుంది. అది సరైనదే, దాసుల గృహం నుంచి వచ్చినవాళ్ళ చోటు అదే. కానీ జిరాక్సు మీది నిశాని చూసినప్పుడు నేను ఏ పక్కన ఉన్నానో నాకు అంత నిశ్చయంగా తెలియలేదు. ఒకే మనిషి ఒక బావి దగ్గర దూరంగా నిలబెట్టబడినదై, ఇంకో బావి దగ్గర తవ్వినవాడి పేరు కూడా తెలియకుండా తోడుకునేదై ఉండొచ్చు. ద్వితీయోపదేశకాండము మళ్ళీ మళ్ళీ నీవు దాసుడవై ఉంటివని జ్ఞాపకము చేసికొనుము అంటుంది. చేలో మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్ళొద్దు, అది పరదేశికీ విధవరాలికీ తండ్రిలేనివాళ్ళకూ ఉండనివ్వు అని చెప్పేటప్పుడూ ఆ మాటే అంటుంది. ఆ కనాను బావుల సంగతి నాకు తేలలేదు. నా బావి సంగతిలో ఏం చేయాలో మాత్రం ఈ వచనాలు చెబుతున్నాయి.

ఏశావు ముఖం

బైబిల్లోని యాకోబు రెండుసార్లు గుర్తొచ్చాడు నాకు ఈ మూడు నెలల్లో. అన్నను మోసం చేసి పారిపోతూ, బేతేలులో రాయి నిలబెట్టి అతను చేసిన మొక్కుబడి అచ్చం బేరంలా ఉంటుంది. నాకు తోడుండి, అన్నం పెట్టి, బట్ట ఇచ్చి, క్షేమంగా ఇంటికి చేరిస్తే నువ్వు నా దేవుడివి, పదో వంతు ఇస్తాను. దేవుడు ఆ బేరానికి కోప్పడలేదు, తోడుగానే వెళ్ళాడు. ఇరవై ఏళ్ళ తర్వాత తిరిగి వస్తూ నది దగ్గర నిలబడి అదే యాకోబు "అపాత్రుడను" అన్నాడు. నా చేతికర్రతో మాత్రమే ఈ యొర్దాను దాటాను, ఇప్పుడు రెండు గుంపులయ్యాను అన్నాడు. పదో వంతు మాటే ఎత్తలేదు. ఆ రాత్రి గడిచాక, తెల్లారి అతను వెళ్ళింది బలిపీఠం దగ్గరికి కాదు. అన్న దగ్గరికి, ఎవరి ఆశీర్వాదం తాను తీసేసుకున్నాడో ఆ ఏశావు దగ్గరికి. నాకు చాలా ఉంది తమ్ముడా, నీది నువ్వే ఉంచుకో అన్నాడు ఏశావు. యాకోబు ఒప్పుకోలేదు, కానుక తీసుకొమ్మని బతిమాలాడు. నీ ముఖం చూడటం దేవుని ముఖం చూసినట్టుంది అన్నాడు.

మా ఆయనకు ఈ భాగం చదివి వినిపించాను. మనం ఎవరినీ మోసం చేయలేదు కదా అన్నారు. చేయలేదు. ఆ రైతు నుంచి కొన్నది కూడా మనం కాదు, వెంచరు వాళ్ళు. ఆ ఎకరంలో ఇరవైమంది దాకా ప్లాట్లున్నవాళ్ళుంటారు, మనమొక్కళ్ళమే ఎందుకు అన్నారు. మనమొక్కళ్ళమే ఎందుకు కాకూడదు అన్నాను. రెండు రోజులు ఆయన ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు అన్నం తింటూ, "ఆ కాగితంలో ఊరి పేరు ఏముంది?" అని అడిగారు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. ఒకరిద్దరిని అడిగితే ఇల్లు తెలిసింది. పెద్దాయన పోయి పదకొండేళ్ళయిందట. కొడుక్కి యాభై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్న ఎకరం దాటుకుని వెళ్తే వచ్చే గేటెడ్ కమ్యూనిటీలో వాచ్‌మెన్. నీలం యూనిఫాం చొక్కా విప్పి దండెం మీద వేసి బనీనుతో కూర్చుని ఉన్నాడు. మేం ఫలానా ప్లాటు వాళ్ళమని చెప్పగానే ముఖం మారిపోయింది. "ఏమన్న సంతకం గావాల్నా అమ్మా? మాకేం సంబంధం లేదు, మా నాయిన ఎప్పుడో అమ్మిండు" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ప్లాట్లవాళ్ళు ఎవరైనా ఆ గడప తొక్కి ఉంటే అది సంతకం కోసమే అయి ఉంటుంది. లేదన్నా, ఊరికే చూసి పోదామని వచ్చాం అంటే అతనికి నమ్మకం కలగలేదు. ఇంకాస్త భయపడ్డాడు.

వాళ్ళ ఆవిడ నీళ్ళు తెచ్చిచ్చింది. స్టీలు చెంబు, పైన గ్లాసు బోర్లించి. తాగాం. కూతురికి జీఎన్ఎం నర్సింగ్ కోర్సులో సీటు వస్తే చేర్చారట, రెండో ఏడు ఫీజు దగ్గర ఆగిపోయిందట. అది మేం అడిగితే తెలిసింది కాదు, ఆవిడే మాటల్లో అంది. మిగిలిన రెండేళ్ళ ఫీజు మేం కడతామని మా ఆయన అన్నారు. నేను అడగకముందే అన్నారు. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరు మిషనోళ్ళా?" అని అడిగాడు. క్రైస్తవులమే, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు, మీరెవరికి మొక్కుకున్నా ఫీజు ఫీజే అన్నారు మా ఆయన. ఆ మాట విన్నప్పుడు నాకు గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ దొర గుర్తొచ్చాడు. ప్రార్థన చేయమని మేం అడగలేదు, ఫోటో తీయలేదు. ఎనభై లక్షల ముందు ఆ రెండేళ్ళ ఫీజు ఎంత చిన్నదో నాకు తెలుసు. లెక్క సరిపోయిందని మేం అనుకోవడం లేదు. ఆ ఊరికి మళ్ళీ వెళ్తాం.

ఆ తర్వాతి ఆదివారం మా ఆయన సాక్ష్యాల సమయంలో మళ్ళీ లేచారు. మొన్న నేను చెప్పినదాంట్లో ఒక మాట తప్పు చెప్పాను, మాకు ఏ అర్హతా లేకుండా దేవుడు ఇచ్చాడు, మేం ఇచ్చినందుకు కాదు అన్నారు. కొందరికి అర్థం కాలేదు, ఒకరిద్దరు ఆమేన్ అన్నారు. వెనక వరసలో గోడ పక్కన కూర్చునే చెల్లెలితో నేను విడిగా మాట్లాడాను. రెండొందలు కలపొద్దని చెప్పాను. ఇవ్వాలనిపించి ఇస్తే ఇవ్వు, ఇల్లు కోసం మాత్రం ఇవ్వకు అన్నాను. "మరి ఇల్లు ఎందుకు రాలేదక్కా?" అని అడిగింది. నాకు తెలియదమ్మా అని చెప్పాను. ఆమె ఇంటి దరఖాస్తు కాగితాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. వచ్చే బుధవారం ఇద్దరం ఆఫీసుకు వెళ్తున్నాం.

ఆ ఊళ్ళో ఆ మధ్యాహ్నం మేం లేవబోతుంటే, నా సంచిలో ఉన్న కాగితం తీసి చూపించాను. అతను చదవలేదు. వేలు పెట్టి నేరుగా కిందికి వెళ్ళాడు, నిశాని దగ్గరికి. తెల్లటి గీత మీద చాలాసేపు వేలు ఆనించి ఉంచాడు. "చెరుకు కొడుతుంటే తెగింది. నేనప్పుడు పక్కనే ఉన్న" అన్నాడు. తర్వాత కాగితం మడవకుండా రెండు చేతులతో పట్టుకుని, "గిది నాకిస్తరా అమ్మా? మా నాయినది ఒక్క ఫోటో గూడ లేదు" అన్నాడు.

ఇచ్చేశాను.